గాలిలో ధూళి ఎక్కువ

ఏప్రిల్ 5, అక్తావ్

అమావాస్య దగ్గరికొచ్చింది. ఎల్లుండి తుజ్‌బయిర్ సుద్దకొండకి బయల్దేరాలి. కెమెరా బ్యాటరీలన్నీ చార్జింగ్‌లో పెట్టాను. వంటింట్లో, హాల్లో, మా అమ్మాయి ఇంకార్ గదిలో, ఎక్కడ ప్లగ్గు ఖాళీగా ఉంటే అక్కడ ఒక ఎర్ర చుక్క వెలుగుతోంది.

పగలు మా భూగర్భ పరిశోధన సంస్థ పని. సుద్దకొండ అంచు ఏటా ఎంత విరిగిపడుతోందో తెలియడానికి ప్రతి వసంతంలోనూ నేలలో మేకు దిగగొట్టిన ఒకేచోట నిలబడి ఫొటోలు తియ్యాలి. రాత్రి పని నాది. అదే చోటు, అదే కొండ, పైన ఆకాశం. అల్మాటీలో ఒకాయన ఆ రాత్రి ఫొటోలన్నీ కలిపి పుస్తకం వేస్తానన్నాడు. లోపలి పేజీలకి సరిపడా ఉన్నాయట. అట్టమీదికి మాత్రం మంచిది ఒక్కటి కావాలట.

నడవాలో బల్ల అంచు మోకాలికి కొట్టుకుంది. మళ్ళీ. ఇంకార్ సామాన్లు ఎక్కడపడితే అక్కడికి జరుపుతుంది. కేకలేశాను.

"ఆ బల్ల నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉందమ్మా" అంది.

సముద్రంలో చమురు బావి మీంచి మా ఆయన ఫోన్ చేశారు. అలల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అయినా ఇద్దరం చాలాసేపు పెట్టెయ్యలేదు.

ఏప్రిల్ 8, తుజ్‌బయిర్

బావగారు కారు నడిపారు. అత్తవారింటి పెద్దవాళ్ళ పేర్లు పలకకూడదని పెళ్ళైన కొత్తలో అత్తగారు నేర్పింది. ఆయన అన్నగారి పేరు రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు. మంచిదే, బావగారు అన్న మాట ఆయనకి సరిగ్గా సరిపోతుంది.

నిన్న మధ్యాహ్నమంతా కొండ కింద ఉన్నాను. ఈ తెలుపంతా ఒకప్పుడు సముద్రపు అడుగు. కంటికి ఆననంత చిన్న ప్రాణుల పెంకులు పైనుంచి మంచులా రాలి, రాలి, రాలి, ఇంత ఎత్తు కొండైంది. ముందున్న ఉప్పు నేల మీద నడుస్తుంటే నీళ్ళు ఇంకా పోలేదేమో, మనమే చేపలు తిరిగే ఎత్తులో మెల్లగా తేలుతున్నామేమో అనిపిస్తుంది. సొరచేప పన్ను ఒకటి దొరికింది. ఇంకా పదును పోలేదు. జేబులో వేసుకుని మరిచిపోయి, చెయ్యి పెట్టి వేలు కోసుకున్నాను.

తెల్లవారుజామున బావగారు గుడారం బయట దగ్గారు.

"లే అమ్మాయ్. పక్షుల దారి లేచింది."

అల్మాటీ నుంచి వచ్చే విద్యార్థులు పాలపుంత అంటే ఆయనకి నవ్వు. పాలు అట్లా ఎవరైనా ఒలకబోసుకుంటారా అంటారు.

బయటికొచ్చాను. గాలిలో ధూళి ఎక్కువగా ఉంది. పైన నాలుగైదు చుక్కలు, అంతే.

"ఎంత ధూళో చూడండి" అన్నాను.

"ధూళా?" ఆయన తల వెనక్కి వాల్చారు. టోపీ పడిపోయింది. "ఇంత తేటైన ఆకాశం చూసి చాన్నాళ్ళైంది."

అరవై దాటిన మనిషి, అలవాటుగా అన్నారు. కెమెరా తెరమీద చూస్తే మాత్రం వేలకు వేలు. కొండకు ఈ కొస నుంచి ఆ కొస దాకా పిండి జల్లినట్టు. కెమెరాది వేరే సంగతి. అరనిమిషం రెప్పవెయ్యకుండా చూస్తే ఎవరికైనా అన్ని కనబడతాయి.

ఏప్రిల్ 9

గాలి. ధూళి. బావగారు రెండుసార్లు నా గ్లాసు నా చేతికే అందించారు, పక్కనే పెట్టకుండా.

ఏప్రిల్ 19, అక్తావ్

అల్మాటీ పుస్తకం ఆయన ఫోన్.

"అక్కా, పగటివి అద్దంలా ఉన్నాయి. రాత్రివే దూదిలా వచ్చాయి. ఫోకస్ తప్పినట్టుంది."

లెన్సు పాతబడిందని చెప్పాను. నిజంగానే పాతది. కొత్తది కొనుక్కోవాలి.

బజారునుంచి గొర్రె కార్జం తెచ్చి వండాను. నిన్నా అదే, మొన్నా అదే. కళ్ళకి మంచిదని ఎక్కడో చదివాను. అందరికీ మంచిదే. ఇంకార్ గిన్నెలోకి తొంగిచూసి, "ఈ వారం ఊళ్ళో గొర్రెలన్నీ కార్జం లేకుండా తిరుగుతున్నాయేమో" అంది. దాని పుస్తకాలు బల్లనిండా పరిచి ఉన్నాయి. సముద్రపు పటాలు, లైట్‌హౌసుల గుర్తులు. చదువులో భాగంగా జులైలో మొదటిసారి ఓడెక్కాలి. అంతకుముందు ఆరోగ్య పరీక్ష ఉంది. సరుకు ఓడ మీద రాత్రి కాపలా వేస్తారని చెప్పి మురిసిపోతోంది. అంత చీకట్లో ఏం చూస్తావే అని అడిగాను.

"చూడ్డమే కదమ్మా పని."

మే 7, తుజ్‌బయిర్

సెలవులని ఇంకార్ కూడా వచ్చింది. సాయంత్రం దారిలో చిన్న సంఘటన. ఎవరికీ ఏమీ కాలేదు. టీ తాగి పడుకున్నాం.

మే 8

నిన్న రాసింది చదువుకున్నాను. చిన్న సంఘటన అని రాశాను.

బావగారికి నడుం పట్టేసింది. నేను నడుపుతానన్నాను. పొద్దు వాలిపోయింది. పీఠభూమి మీద దారి అంటూ ఉండదు, ఎవరి చక్రాల గుర్తులు వాళ్ళవి. అయినా నాకా దారి కంఠతా వచ్చు, కళ్ళు మూసుకుని నడపగలనని ఎన్నిసార్లు అన్నానో. లైట్లు వేశాను. లైట్లు పడ్డ మేర నేల కనబడుతోంది. ఆ పక్కా ఈ పక్కా ఉన్ని దుప్పటి కప్పినట్టుంది. బాగుందనిపించింది, అదే వింత. ప్రపంచం చిన్నదై, మెత్తనై, కారుచుట్టూ ముడుచుకున్నట్టుంది. వెనక సీట్లో ఇంకార్ చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోతోంది.

"అమ్మాయ్, ఆపు" అన్నారు బావగారు. ఉప్పు అందించమన్నంత నెమ్మదిగా.

ఆపాను. "ఏమైంది?"

"ఏం కాలేదు. వెనక గేరు వెయ్యి. మెల్లగా. ఇంకొంచెం. ఇక చాలు."

ఆయన దిగి టార్చి పట్టుకుని ముందుకెళ్ళారు. వంగి ఒక రాయి తీసి విసిరారు. అది కింద పడిన చప్పుడు కోసం చెవి పెట్టాను. ఎంతకీ రాలేదు.

తర్వాత ఆయనే నడిపారు, నడుం నొప్పితోనే. ఇంకార్ గుడారాల దగ్గర లేచి, "అప్పుడే వచ్చేశామా" అంది.

పొద్దున్నే ఒక్కదాన్నీ అక్కడిదాకా నడిచి వెళ్ళాను. చక్రాల గుర్తులున్నాయి. ముందు చక్రం ఆగినచోటుకీ కొండ అంచుకీ మధ్య ఒక గొర్రె పడుకునేంత చోటు ఉంది. గొర్రెపిల్ల అనాలి.

తిరిగొచ్చేసరికి బావగారు ఎండబెట్టిన పెరుగుండ నములుతూ కారు మెట్టుమీద కూర్చున్నారు. ఇంకార్ ఉప్పు నేల మీద దూరంగా, చిన్న గీతలా ఉంది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నారు.

"ఏంటి బావగారూ?"

"అడిగింది అర్థంకాలేదా, చెప్పడం ఇష్టంలేదా?"

"అలిసిపోయాను. దానికితోడు ధూళి…"

"ధూళి లేదు. ఏప్రిల్లోనూ లేదు. అప్పుడే అడగాల్సింది, నోరు మూసుకు కూచున్నాను." ఉండని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకున్నారు. "నాకొక బూడిదరంగు గుర్రం ఉండేది. రేచీకటి. పొద్దుగూకితే రాయేదో నీడేదో తెలిసేది కాదు దానికి."

ఆ మాట మొదటిసారి బయటికి వచ్చింది. ఇన్నాళ్ళూ నేను మనసులో కూడా అనుకోలేదు.

"ఏం చేశారు దాన్ని?"

"పగలు ఎక్కేవాణ్ణి. సాయంత్రమైతే దిగి, కళ్ళెం పట్టుకుని ముందు నడిచేవాణ్ణి."

"అమ్మెయ్యలేదా?"

"మంచి గుర్రం. ఎందుకమ్ముతాను?"

లేచి, కారు తాళం తీసి కుడికాలి బూటులో వేసుకున్నారు. "ఇక ఇది ఇక్కడుంటుంది. కావాలంటే వాసన ఓర్చుకుని తీసుకో. మావాడికి నువ్వే చెప్పు. పిల్లకీ నువ్వే చెప్పు. నేను చెప్పను, చెప్పేదాకా ఊరుకోను కూడా."

మే 15, అక్తావ్

కళ్ళ డాక్టరు ఇంకార్ కన్నా కాస్త పెద్దది, అంతే. చుక్కలు వేసింది. చీకటి గదిలో కూర్చోబెట్టింది. గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించి, వెలుగు కనబడినప్పుడల్లా మీట నొక్కమంది. నొక్కుతూ కూర్చున్నాను. చాలాసేపు నొక్కడానికి ఏమీ రాలేదు. కునుకు పట్టినంత ప్రశాంతంగా ఉంది. తర్వాత తెలిసింది, వెలుగులు వస్తూనే ఉన్నాయట.

కంటి వెనక పొర అంచులనుంచి పాడవుతోందట. ముందు చీకటి చూపు పోతుందట, తర్వాత పక్కచూపు. ఎదురుగా ఉన్నది మాత్రం చాలా ఏళ్ళు కనబడుతుందట. మందు లేదు.

"ఏడాదికి ఎంత?" అని అడిగాను. కొండ గురించి అడిగే ప్రశ్న. ఆమెకి అర్థంకాలేదు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదు."

"పిల్లలు?"

"ఒక్కతే కూతురు. ఓడల చదువు చదువుతోంది."

ఆమె రాయడం ఆపింది. "ఆ అమ్మాయిని తప్పకుండా చూపించండి. ఇది రక్తంలో వచ్చేది. ఇక్కడి పరికరాలు చాలవు, అల్మాటీ తీసుకెళ్ళండి. ఓడెక్కకముందే."

మే 16

లేదు అన్నాను. అంత వెంటనే ఎలా అన్నాను?

అమ్మ చీకటిపడితే గడప దాటేది కాదు. గొర్రెల్ని అందరికన్నా ముందు తోలుకొచ్చేది. భయస్థురాలని నాన్న ఎగతాళి చేసేవాడు. ఎప్పుడైనా పక్కింటికి వెళ్ళాల్సొస్తే, "రావే ఉల్మెకెన్, నీకు భయం లేకుండా చెయ్యి పట్టుకుంటా" అనేది. నాకు భయం ఉండేది కాదు. అమ్మ చేతిని లాక్కుంటూ గుంటలు తప్పించి ముందు నడిచేదాన్ని. గడప దగ్గరికి రాగానే అమ్మ అరచెయ్యి నా చేతిలో వదులయ్యేది, తడితడిగా.

అమ్మ ఎవరికీ చెప్పలేదు. చచ్చేదాకా చెప్పలేదు.

మే 17

ఇంకార్‌కి రేపు చెబుతాను.

మే 20

చెప్పలేదు. పరీక్షలు జరుగుతున్నాయి.

మే 29

చెప్పలేదు. దాని స్నేహితురాలి పెళ్ళి. నీలం గౌను వేసుకుంది. అద్దం ముందు గిర్రున తిరిగి, "ఎలా ఉన్నాను" అంది. పక్కనుంచి పక్కకి వెళ్ళినప్పుడల్లా నా చూపులోంచి తప్పిపోయి మళ్ళీ వస్తోంది. చాలా బాగున్నావన్నాను. వచ్చిన ప్రతిసారీ బాగుంది.

జూన్ 3

చెప్పలేదు. వాన పడింది. ఇక్కడ వాన పడ్డ రోజున చెడ్డమాటలు ఎవరు చెప్పుకుంటారు?

జూన్ 11

కాలేజీ వాళ్ళ ఆరోగ్య పరీక్ష అయిపోయింది. గోడమీద అక్షరాలన్నీ, అడుగు వరసతో సహా, గడగడా చదివేసిందట. పగటిపూట, దీపాలన్నీ వేసి ఉన్న గదిలో. రంగుల చుక్కలు కూడా చూపించారట. సరిపోయింది అన్నారట.

నేనూ అక్షరాలన్నీ చదవగలను.

జూన్ 12

దానికేమీ లేదేమో. ఉన్నట్టు ఎక్కడా కనబడదు. రాత్రిళ్ళు మెట్లు రెండేసి దూకుతూ దిగుతుంది. అనవసరంగా దాని గుండెల్లో రాయి వెయ్యడమెందుకు?

అమ్మ కూడా ఇలాగే అనుకుని ఉంటుంది.

జూన్ 19

చెప్పాను.

ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఇంకార్ పొయ్యి దగ్గర పిండి ముద్దలు వేయిస్తోంది. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. కొండ అంచు దగ్గర కారు సంగతితో మొదలుపెట్టినట్టున్నాను. అన్నిటికన్నా చెప్పరానిదే ముందు వచ్చింది. తర్వాత డాక్టరు, తర్వాత అమ్మ, ఆ తర్వాత ఓడ.

నూనె మాడే వాసన వస్తోంది. ఆయన లేచి పొయ్యి ఆర్పారు.

"నాకు అనుమానంగానే ఉంది" అన్నారు ఆయన. "ఏప్రిల్ చివర్లో వచ్చినప్పుడు నడవాలో బల్లకి చుట్టూ తెల్ల టేపు అంటించాను. నువ్వు చూడలేదు."

"మరి అడగలేదేం?"

"చెబుతావని చూశాను."

ఇంకార్ ఇంకా జల్లిగరిటె పట్టుకునే నిలబడి ఉంది. "వెనక సీట్లో నేనున్నాను" అంది.

"అవును."

"నువ్వు నడిపావు."

"అవును."

"ఓడ మీద పద్దెనిమిది మంది పడుకుంటారమ్మా. నేను చూస్తున్నానన్న ధైర్యంతో పడుకుంటారు. నువ్వు చెప్పకపోయుంటే వచ్చేనెల నేను అక్కడ నిలబడేదాన్ని. నాకు కనబడుతోందో లేదో నాకే తెలియకుండా."

"ఇప్పుడు చెప్పాను కదా" అన్నాను. రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

"నెల దాచాక. దాచి, రోజూ నాకు కార్జం వండిపెట్టావు."

గరిటె బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. స్నేహితురాలింట్లో ఉందట. ఆయన వేగిన ముద్దలన్నీ, మాడినవి కూడా, పళ్ళెంలో సర్ది నా ఎదురుగా కూర్చున్నారు. చెరొకటీ తిన్నాం.

జూన్ 23

కాలేజీలో తనంతట తనే చెప్పుకుందట. ఓడ ఎక్కడం ఆగిపోయింది, అల్మాటీ కాగితం తెచ్చేదాకా. నాతో మాట్లాడటం లేదు. బావగారు ఫోన్ చేసి, "చెప్పావా" అన్నారు. "చెప్పాను" అన్నాను. "తిట్టిందా?" "తిట్టింది." "అయితే బాగానే ఉంది" అని పెట్టేశారు.

జులై 11, అల్మాటీ

రైలులో దానిది పై బెర్తు, నాది కింద. స్టెప్పీ మైదానమంతా రెండు పగళ్ళు కిటికీలోంచి వెనక్కి పారింది. అది పై నుంచి చెయ్యి కిందికి వేలాడేసి నిద్రపోయింది. నేను లేచి కూచుని ఆ చేతినే చూశాను. పట్టుకోలేదు.

ఆసుపత్రిలో దాన్ని చాలాసేపు చీకట్లో కూర్చోబెట్టారు. కళ్ళకి సన్నటి తీగలు పెట్టి మెరుపులు మెరిపించారట. బయట బెంచీ మీద నేను. ఎదురుగా గోడకి కొండల బొమ్మ ఉన్న క్యాలెండరు. పొరల వంపు చూసి ఆ కొండ ఎలా పైకి లేచిందో చెప్పొచ్చు. కానీ ఎంతసేపు చూసినా నాకది ఒట్టి రంగుల్లాగే ఉంది.

పెద్ద డాక్టరు ఇద్దరినీ లోపలికి పిలిచాడు. ఇంకార్ కళ్ళు పూర్తిగా బాగున్నాయి. ఈ జబ్బు మొదలవుతుంటే ఈ వయసుకి ఈ పరీక్షలో జాడ తెలియాలట, ఏ జాడా లేదు. ఓడ ఎక్కొచ్చు. రక్త పరీక్ష ఫలితం ఆలస్యంగా వస్తుంది. అదేమైనా, ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి.

ఇంకార్ డాక్టరుకి దండం పెట్టి బయటికొచ్చాక, మెట్ల దగ్గర ఆగింది. అక్కడ కాస్త చీకటిగా ఉంది.

"ఏడాదికోసారి నువ్వు కూడా నాతో రావాలి" అంది. "నీదీ చూపించుకోవాలి. ఏం చెప్పారో ఆ రోజే నాకు చెప్పాలి."

"సరే."

"సరే అంటే కాదు. ఒట్టు."

ఒట్టేశాను. అప్పుడు మెట్లు దిగేటప్పుడు మోచెయ్యి అందించింది.

జులై 20, అక్తావ్

అల్మాటీ పుస్తకం ఆయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తప్పు లెన్సుది కాదని కూడా. "అక్కా, మీ మేకు దగ్గరే కెమెరా పెట్టండి. ఫోకస్ ఎవరు తిప్పితే ఏం" అన్నాడు. కొత్త ఆలోచన ఏమీ కాదు. అయినా నాకు తట్టలేదు.

ఆగస్టు 5, తుజ్‌బయిర్, పొద్దున

ఇంకార్ పదో తేదీన ఓడెక్కుతోంది. వెళ్ళేముందు ఒకసారి వద్దామని అదే అడిగింది.

నిన్న వెలుగుండగానే కెమెరా ముక్కాలి స్టాండు నిలబెట్టాను. కొండ ఎంత మేర రావాలో, ఉప్పు నేల ఎంత రావాలో అంతా చూసి బిగించాను. పొద్దు వాలాక ఇంకార్ ఫోకస్ తిప్పింది. నేను పక్కన కూచుని ఎటు తిప్పాలో చెప్పాను. ఇద్దరం ఒకరిమీద ఒకరం విసుక్కున్నాం. బావగారు ఒంటెపాల సీసా పట్టుకుని, "ఫొటో తియ్యడానికొచ్చారా, కొట్టుకోడానికొచ్చారా" అన్నారు. చివరికి తెరమీద చుక్కలు సూదిమొనల్లా వచ్చాయట. తన మాట నమ్మాను. పొద్దున చూస్తే నిజంగానే అలా ఉన్నాయి.

కెమెరా తన పని తను చేసుకుంటుంటే ముగ్గురం ఉప్పు నేల మీద వెల్లకిలా పడుకున్నాం. నేల ఇంకా వెచ్చగా ఉంది. నా కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. లోతు తెలియని నల్లటి నీళ్ళలో వీపు ఆనించి తేలుతున్నట్టుంది. భయం వెయ్యలేదు. అదే ఆశ్చర్యం.

"చెయ్యి ఇటియ్యి" అంది ఇంకార్. నా మణికట్టు పట్టుకుని, చూపుడువేలు చాపించి, ఎటో గురి పెట్టింది. "ఇదిగో, పక్షుల దారి ఇక్కణ్ణుంచి పైకి లేస్తుంది. కనబడుతోందా?"

"కనబడుతోంది" అన్నాను.

"బాగా?"

"బాగా. తెల్లగా."

"అమ్మా, అది కొండ."

అవతల బావగారికి పొలమారింది. దగ్గుతూనే నవ్వారు, నవ్వుతూనే దగ్గారు. నాకూ నవ్వొచ్చింది, వీపు కింద ఉప్పు పటపటమని విరిగేంత. ఇంకార్ మాత్రం నవ్వలేదు. నా మణికట్టు వదలలేదు.

"మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి నిజం చెప్పు."

వేలు జరిపింది. "ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు, ఇంకార్. ఏమీ లేదు."

మొదటి లేదు అనడమే కష్టమైంది. తర్వాతవి ఒకదాని వెనక ఒకటి తేలిగ్గా వచ్చాయి. ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ అది "సరే" అని, ఇంకాస్త పైకి జరుపుతోంది. చివరికి చెయ్యి నిట్టనిలువుగా నా ముఖం మీదికి వచ్చింది.

"ఇక్కడ?"

తొందరపడలేదు. చాలాసేపు చూశాను. లేదు అనడానికి నోరు తెరిచి ఆగిపోయాను.

"ఒకటుంది" అన్నాను. "చిన్నది. ఒక్కటే."

"ఎక్కడ? నువ్వు చూపించు."

నా చెయ్యి వదిలేసింది. నేనే వేలెత్తి చూపించాను. అది తన తలని నా భుజం మీదికి జరిపి, నా చేతి పొడవునా కన్ను పెట్టి చూసింది.

"అభిజిత్ నక్షత్రం" అంది. "నిజమే, ఉంది."